బిస్కెట్ ఉండల పైసలు ఫారెక్స్‌ల పెట్టమన్న మెసేజ్‌కు నా జవాబు

మా నల్గొండ లేడీస్ గ్రూపులల్ల రెండు నెలల సంది ఒకటే మెసేజ్ తిరుగుతున్నది, సంఘం గ్రూపుల వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపుల వచ్చింది, ఆఖరికి మహబూబ్‌నగర్‌ల ఉండే మా చిన్నమ్మ కూడా "ఇది నిజమేనా బిడ్డా" అని నాకే పంపింది. మెసేజ్‌ల ఉన్నది గిది: "అక్కలారా, పొయ్యి లేదు, ఓవెన్ లేదు, బిస్కెట్ ట్రఫుల్స్ చేసి నెలకు 40 వేలు సంపాదించండి. అందుల 10 వేలు ఫారెక్స్‌ల పెట్టండి, రోజుకు 1 శాతం చాలు. ఆర్‌బీఐ పర్మిషన్ ఉన్నది. డెమోల వారం ప్రాక్టీస్ చేస్తే వచ్చేస్తది. స్టాప్ లాస్ పెడితే పైసా పోదు. ఎప్పుడంటే అప్పుడు విత్‌డ్రా." కింద ఒక లింకు, రెండు దండాలు పెట్టే బొమ్మలు.

ట్రఫుల్స్ అంటె చాక్లెట్ల ముంచిన బిస్కెట్ ఉండలు, నేను మూడేండ్ల సంది చేసి అమ్ముతున్న. ఫారెక్స్ అంటె డాలర్, యూరో లాంటి విదేశీ పైసలు కొని అమ్ముడు, ఆ సంగతి మా వదినె దెబ్బ తిన్నంక కూసోని నేర్చుకున్న. అందుకే రాస్తున్న, పొడుగైతది, ఏమనుకోకుండ్రి.

ముందు ట్రఫుల్స్, మెసేజ్ మొత్తంల నిజమున్నది అక్కడనే, అది కూడా సగం. ఓవెన్ అక్కర్లేదు, ఒప్పుకుంట. పొయ్యి అక్కర్లేదంటే మాత్రం చాక్లెట్ దానంతటది కరుగుతదా? మే నెలల మా నల్గొండల కరుగుతది, అది వేరే సంగతి. క్రీమ్ బిస్కెట్లు మిక్సీల మెత్తగ పట్టాలె, రవ్వ రవ్వ ఉంటే ఉండ పగులుతది. రెండు పాళ్ళ బిస్కెట్ పొడికి ఒక పాలు కంటె జర ఎక్కువ క్రీమ్ చీజ్ కలిపి, చేతికి అంటకుండ ఉన్నప్పుడు 18 గ్రాముల ఉండలు చుట్టి, గంటసేపు ఫ్రిజ్‌ల పెట్టి, కరిగించిన చాక్లెట్ల ముంచి తీయాలె. కరిగించేటప్పుడు గిన్నెల చుక్క నీళ్ళు పడ్డా, ఆవిరి తగిలినా, చాక్లెట్ గట్టిపడి ఇసుక ముద్ద లెక్క అయితది. మూత మీద నీళ్ళు కారి నాది ఎన్నిసార్లు ఖరాబైందో లెక్కలేదు. ఇంకోటి, ఇప్పుడు బిస్కెట్ బదులు పచ్చి మైదా వేసి కుకీ డో ట్రఫుల్స్ అని చేస్తున్నరు, పచ్చి మైదాల క్రిములు ఉండొచ్చు, అట్ల తినొద్దు.

ఇగ 40 వేలు. నాకు 300 గ్రాముల బిస్కెట్లకు వందదాక, క్రీమ్ చీజ్‌కు 170, కాంపౌండ్ చాక్లెట్ 80, కాగితం కప్పులు, డబ్బా 50, అన్నీ కలిపి 400 పడుతది, వచ్చేవి 25 ఉండలు. అంటే ఉండకు 16. ఇక్కడ 20 కంటె ఎక్కువ చెప్తే "గీ ఉండకా?" అంటరు. మిగిలేది 4 రూపాయలు, కరెంటు, ఫ్రిజ్ లెక్క వేయకుండ. 40 వేలు మిగలాలంటే నెలకు 10 వేల ఉండలు, రోజుకు 330 పైన. ఏ అక్క చుడుతదో చెప్పుండ్రి, నేను పోయి దండం పెట్టి వస్త. ఎండకాలం డెలివరీకి థర్మాకోల్ డబ్బా, ఐస్ ప్యాక్ ఖర్చు వేరే. ఇంట్లె చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటె తిండి సరుకుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ, దాని రిజిస్ట్రేషన్ కావాలె, ఆ ముచ్చట మెసేజ్‌ల ఎక్కడా లేదు. నాకు మంచి నెలల, అదీ రాఖీ, దీపావళి అప్పుడు, ఐదారు వేలు మిగిలితె సంబరమే.

ఇంతదాక అంటే పోనీ గొప్పలు చెప్పుకున్నరు అనుకుందాం. తర్వాత ముచ్చట అట్ల వదిలేసేది కాదు.

"రోజుకు 1 శాతం చాలు." చిన్న మాట లెక్క వినిపిస్తది గదా. ఫోన్ల కాలిక్యులేటర్ తీయుండ్రి. ఏడాదికి 250 ట్రేడింగ్ రోజులు పట్టి, వచ్చింది వచ్చినట్టు మళ్ళ పెట్టుకుంట పోతె 10 వేలు ఏడాదికి 1 లక్షా 20 వేలు అయితయ్, రెండో ఏడుకు 14 లక్షల పైన, మూడో ఏడుకు 1 కోటి 74 లక్షలు, ఐదో ఏడుకు 250 కోట్లు దాటుతయ్. గిట్ల వచ్చేదుంటె ఆ మెసేజ్ పంపినాయన ఈపాటికి మా సంఘం గ్రూపుల ఎందుకుంటడు? బ్యాంకు ఎఫ్‌డీ ఏడాదంత కలిపి ఇచ్చేది 6, 7 శాతం, ఈయన పది రోజుల లోపట్నే ఇస్తనంటున్నడు.

"ఆర్‌బీఐ పర్మిషన్ ఉన్నది." ఇది పచ్చి అబద్ధం, మెసేజ్ మొత్తం దీని మీదనే నిలబడ్డది. ఫెమా అని విదేశీ కరెన్సీ మీద 1999 చట్టం ఒకటున్నది, దాని ప్రకారం మనం విదేశీ కరెన్సీ లావాదేవీలు పర్మిషన్ ఉన్నోళ్ళ దగ్గర్నే, ఒప్పుకున్న అవసరాలకే చేయాలె. ఆన్‌లైన్ల అయితె ఆర్‌బీఐ ఒప్పుకున్న ప్లాట్‌ఫామ్‌ల మీద, లేకుంటె ఎన్ఎస్ఈ, బీఎస్ఈ లాంటి గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీల మీద, గంతే. పర్మిషన్ లేని యాప్‌ల పేర్లతోటి ఆర్‌బీఐ 2022 సెప్టెంబర్ల ఒక అలర్ట్ లిస్ట్ పెట్టింది, అప్పుడు 34 పేర్లు, తర్వాత పెరుగుతనే ఉన్నయ్. లిస్టుల పేరు లేదు కాబట్టి మంచిదే అనుకోవద్దని కూడా ఆర్‌బీఐయే చెప్పింది, ఎందుకంటె వీళ్ళు పొద్దున ఒక పేరు, మాపటికి ఒక పేరు పెట్టుకుంటరు. తప్పు యాప్‌ల ట్రేడ్ చేస్తె చట్టం ముందు నిలబడేది మనం కూడా, ఫెమాల జరిమానా ఆ సొమ్ముకు మూడింతల దాక వేయొచ్చు.

మా చిన్నమ్మ కొడుకు అడిగిండు, "అక్కా, అమెరికా ఫీజు కట్టనీకి బ్యాంకు నుంచి డాలర్లు పంపుతం గదా, అట్లనే బయటి దేశం బ్రోకర్‌కు పంపుకుంటె?" అని. తమ్మీ, ఏడాదికి 2,50,000 డాలర్ల దాక పంపుకునే స్కీమ్ ఉన్నది నిజమే, కానీ బయటి ఎక్స్ఛేంజీలకు మార్జిన్, అంటె ట్రేడ్ చేయనీకి ముందు కట్టే పైసలు, కట్టనీకి దాన్ని వాడొద్దని అందుల్నే రాసి ఉన్నది.

మరి ఎన్ఎస్ఈల చేయొచ్చు గదా అంటరు. అక్కడ కరెన్సీ ఫ్యూచర్స్, అంటె ముందు తారీఖుకు ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందాలు, 2008 ఆగస్టు 29 సంది ఉన్నయ్, డాలర్-రూపాయి ఒక లాట్ అంటె 1000 డాలర్లు, ధర పావు పైస కదిలితె మనకు రెండున్నర రూపాయలు అటో ఇటో. కానీ 2024 మే 3 సంది డాలర్-రూపాయి లెక్క రూపాయి ఉన్న కరెన్సీ జోడీలల్ల దిగాలంటె నిజంగ డాలర్ల అవసరం ఉండాలె, ఎగుమతో, దిగుమతో, డాలర్లల్ల కట్టే బాకీనో. మిర్యాలగూడల బియ్యం బయటి దేశానికి పంపే మిల్లు ఉంటె వాళ్ళకు పనికొస్తది. బిస్కెట్ ఉండల మీద వచ్చిన 10 వేలకు ఏం అవసరమున్నది? యూరో-డాలర్ లాంటి జోడీలు ఉన్నయ్, కానీ వాటిల కొనేటోళ్ళు, అమ్మేటోళ్ళు తక్కువ, మనం అనుకున్న ధరకు బయటపడుడు కష్టం.

డెమో అంటె ఉత్తుత్తి పైసలతోటి ప్రాక్టీస్, దాని గురించి ఎక్కువ చెప్ప. ఉత్తుత్తి పైసలు పోతె గుండె కొట్టుకోదు, నిజం పైసలు పోతె మనిషి వెనకకు రాబట్టాలని డబుల్ పెడుతడు, డెమోల అది తెల్వదు. ఆ యాప్ వాళ్ళదే, డెమో స్క్రీన్ కూడా వాళ్ళదే.

స్టాప్ లాస్ మాత్రం జర ఇడమరిచి చెప్పాలె, దాన్ని నమ్మే చానామంది మునుగుతున్నరు. ముందు లెవరేజ్ అర్థం చేసుకోండ్రి. ఆ యాప్‌లు 500 రెట్లు ఇస్తమంటయ్, అంటె మీ 10 వేలతోటి 50 లక్షల సరుకు పట్టుకున్నట్టు. ధర 0.2 శాతం ఎదురు తిరిగితె 50 లక్షలల్ల 10 వేలు పోతయ్, అంటె మీ పైసలు మొత్తం. యూరో-డాలర్ ఒక్క రోజుల అర శాతం కదులుడు మామూలే, మనం చాయ్ తాగి వచ్చేలోపు అయిపోతది. యూరప్‌ల మనలాంటి చిన్న ట్రేడర్లకు 2018ల పెద్ద జోడీలకు 30 రెట్లు దాటొద్దని కట్టడి పెట్టిన్రు, అక్కడి లెక్కలల్ల 100 ఖాతాలల్ల 74 నుంచి 89 దాక నష్టంల ఉన్నయని. ఇగ స్టాప్ లాస్ అంటె ధర ఇంత కిందికి పడితె అమ్మేయుమని ముందే చెప్పి పెట్టుడే, ఆ ధరకు కొనేటోడు ఉండాలె గదా. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ సెంట్రల్ బ్యాంకు ఒక యూరో 1.20 ఫ్రాంకుల కిందికి పోనీయమని పట్టుకున్న హద్దును చెప్పకుండ వదిలేసింది, నిమిషాలల్ల యూరో ధర పడిపోయింది, మధ్యల కొనేటోడే లేడు, స్టాప్ లాస్‌లు ఎక్కడో కింద తెగినయ్, అకౌంట్ల ఉన్నది పోయి పైన బాకీ పడ్డరు జనం. మంచి బ్రోకర్ల దగ్గర్నే అట్లయింది.

ఇగ ఆఖరుది, "ఎప్పుడంటే అప్పుడు విత్‌డ్రా." మా వదినె ముందు 5 వేలు పెట్టింది, స్క్రీన్ మీద 7,200 అయినయ్, వెయ్యి తీస్తె వెంటనే వచ్చినయ్. గా వెయ్యే గాలం. తర్వాత సంఘంల లోన్ తీసి 40 వేలు వేసింది, అదీ యాప్‌కు కాదు, ప్రతిసారి ఒక కొత్త మనిషి పేరు మీద ఉన్న యూపీఐకి. స్క్రీన్ మీద 1 లక్షా 12 వేలు చూపించింది. తీస్తనంటె "ముందు 18 శాతం టాక్స్ కట్టుండ్రి" అన్నరు. నాకు ఫోన్ చేసినప్పుడు నేను ఉండలు ముంచుతున్న, ఆమె ఏడుస్తుంటె గిన్నె మీద మూత పెట్టి మర్చిపోయిన, ఆ రోజు అరకిలో చాక్లెట్ గట్టిపడి పాడైంది, కానీ ఆమె టాక్స్ మాత్రం కట్టకుండ ఆపిన. మనకు రావాల్సిన పైసలల్ల కోసుకోకుండ మళ్ళ ఎదురు కట్టుమన్నరంటె అక్కడనే తెలిసిపోవాలె. అదే రాత్రి సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేసినం. లేటయింది, ఒక ఖాతాల ఉన్న 6 వేలు మాత్రం ఆపిన్రు, అవి ఇంకా చేతికి రాలే.

"మరి నేర్చుకొనుడే తప్పా?" అని వదినెనే అడిగింది మొన్న. తప్పు కాదు. ఒక నోట్‌బుక్ పెట్టి నెల రోజులు పొద్దున ఒకసారి, మాపు ఒకసారి డాలర్ రేటు రాసుకో, ఏ వార్తకు ఎంత కదిలిందో పక్కన రాయి అన్న. గూగుల్ల చూపించే రేటుకు, బ్యాంకు మనకు అమ్మే రేటుకు తేడా ఎంతో కూడా రాయమన్న, తమ్మునికి వచ్చే సెమిస్టర్ ఫీజు పంపేటప్పుడు రెండు మూడు బ్యాంకులు అడిగి చూస్తె అక్కడ మిగిలేది నిజం పైసలు. 12 రోజులు రాసింది ఇప్పటికి.

సంఘం బాకీ ఇంకా 31 వేలు ఉన్నది. వచ్చే ఆదివారం నాకు ఒక బర్త్‌డేకు 60 ట్రఫుల్స్ ఆర్డర్ ఉన్నది, ఉండలు చుట్టనీకి వదినె వస్తనన్నది, ఉండకు రూపాయిన్నర ఇస్త అన్న, 2 చేయుమని బేరమాడుతున్నది.