ప్రయోగాత్మక వన్‌వే గారికి కాలవ గట్టు నుంచి విన్నపం

మహారాజశ్రీ ప్రయోగాత్మక వన్‌వే గారి దివ్యసముఖమునకు,

తమరి పేరు చెప్పి మెయిన్ రోడ్డులోకి ఆటోల్నీ కార్లనీ రానివ్వక కాలవ గట్టు మీదకి మళ్ళిస్తే, అక్కడ ఇంజన్లు ఆపుకుని నిలబడినవాళ్ళం వ్రాసుకొను విన్నపములు.

నిన్న తమరి మీద సమీక్ష జరిగిందట. మెయిన్ రోడ్డులో రద్దీ బాగా తగ్గిందనీ, తమరు దిగ్విజయంగా నడుస్తున్నారనీ తేల్చారట. ఆటోల్నీ కార్లనీ రానివ్వని రోడ్డులో ఆటోలూ కార్లూ తగ్గాయని కనిపెట్టడానికి ఒక మధ్యాహ్నమంతా సమావేశం, మధ్యలో పకోడీలు. వీధి తలుపేసుకుని, ఈమధ్య మా ఇంటికి చుట్టాలు రావడం తగ్గిందండీ అన్నట్టుంది.

తమరొచ్చినప్పుడు నెల రోజులే అన్నారు. ఆటోకి మైకు కట్టి వీధివీధికీ చెప్పించారు. చట్టం కూడా అంతే అడుగుతుంది లెండి. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం నెలకి మించని ఆంక్షకి గెజిట్ ప్రకటన అక్కర్లేదు, స్థానికంగా వీలైనంత ప్రచారం చేస్తే చాలు. ఆ నెల నిండగానే తమరు మళ్ళీ ‘ప్రయోగాత్మకంగా’ పుట్టారు. ఆ తర్వాత ఇంకోసారి. 2015లో గోదావరి పుష్కరాలే జూలై 14న మొదలై 25న ముగిశాయి. గోదారమ్మకి పన్నెండు రోజులు సరిపోయాయి, తమరికి చాల్లేదు.

బోర్డుల ఊసెత్తితే బాగోదు గానీ, వన్‌వే అంటే నీలం పలక మీద తెల్ల బాణం, ప్రవేశం లేదంటే ఎర్ర గుండ్రం మధ్యన తెల్ల అడ్డపట్టీ. దేశమంతా ఇదే భాష. తమరికి మాత్రం ఫ్లెక్సీ కట్టారు. ఫొటోలన్నీ పట్టాక మిగిలిన జానెడు జాగాలో బాణం. అదీ గాలికి మెలిపడి ఆకాశంకేసి చూపిస్తోంది.

అవన్నీ సరే. మా కడుపుమంటంతా రద్దీ తగ్గిందని తేల్చిన ఆ బళ్ళ లెక్క దగ్గర.

లెక్కపెట్టే కుర్చీ ఎక్కడేశారండీ? మూసిన మెయిన్ రోడ్డులోనే, బట్టలకొట్టు నీడన. ఎప్పుడు? పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. ఏ రోజు? స్కూళ్ళూ ఆఫీసులూ సెలవున్న రెండో శనివారం. అదీ మూఢంలో! ముహూర్తాల్లేక బంగారం కొట్లవాళ్ళు ఈగలు తోలుకుంటున్న వారంలో నాలుగు గీతలు గీసి, శ్రావణంలోనూ ఇలాగే ఉంటుందని నివేదిక రాశారు. పోనీ, తమరు రాకముందు ఎన్ని బళ్ళు తిరిగేవో ఎవరైనా రాసిపెట్టారా? లేదు. మరి దేనికంటే తగ్గింది? ఖాళీ లారీని కాటా మీద తూయకుండా లోడులో ధాన్యం ఎన్ని టన్నులో చెప్పమంటే ఏ మిల్లు గుమాస్తా అయినా మొహం మీదే నవ్వుతాడు.

ఆ గీతలైనా సరైనవా అంటే, ట్రాక్టరుకీ ఒక గీతే, స్కూటీకీ ఒక గీతే. ఏ బండి ఎన్ని కార్ల పెట్టో పట్టణ రోడ్లకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లోనే కొలత ఇచ్చింది. కారు ఒకటనుకుంటే మోటారు సైకిలు అర నుంచి ముప్పావు, బస్సు గానీ లారీ గానీ 2.2 నుంచి 3.7, తొట్టి తగిలించిన ట్రాక్టరు 4 నుంచి 5. దాళ్వా కోతలప్పుడు పావుగంటలో ఆరు ధాన్యం ట్రాక్టర్లు గట్టు మీదకొచ్చాయనుకోండి. తమరి పుస్తకంలో ఆరు గీతలు. రోడ్డుకి మాత్రం తక్కువలో తక్కువ ఇరవై నాలుగు కార్ల పెట్టు. అసలు ఆ ట్రాక్టర్లు తమరి పుస్తకంలోకి రానేరావు, కుర్చీ గట్టు మీద లేదు కదా!

ఊరిని గట్టెక్కిస్తామన్నారు. మాట తప్పలేదు, ఊరందరినీ గట్టే ఎక్కించారు.

ఇది డెల్టా అండీ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలవలు పొలాలకి నీళ్ళూ ఇచ్చాయి, పడవలనీ మోశాయి. అలాంటి కాలవ నడిబొడ్డున పారే ఊళ్ళో వీధులు ఎన్నున్నా అవతలికి పోవాలంటే వంతెనే దిక్కు. మెయిన్ రోడ్డు మూస్తే బళ్ళు ఆవిరైపోవు, గట్టు మీదుగా అదే వంతెనకి చేరతాయి. గట్టు రోడ్డు కాగితం మీద రెండు వరసలే. వాన పడితే అంచున ఒండ్రుమట్టి మెత్తబడుతుంది. లోడు లారీ ఎడం చక్రం అందులో దిగిందా, బండి కాలవకేసి ఒరుగుతుంది. అందుకే డ్రైవర్లు నడిమధ్యన తోలతారు. ఇక రెండు వరసలెక్కడివి?

ఇప్పుడు వంతెన మూల చూడు. ఇక తమరూ గిమరూ లేదు, నువ్వే. పదకొండు మీటర్ల బస్సు గట్టు మీంచి వంతెన మీదకి తిరగాలంటే ముందు కుడికి జరిగి, ఎదరి వరసని కూడా మింగి, అప్పుడు ముక్కు తిప్పాలి. ఎదర వచ్చేవాళ్ళు ఒక పదిహేను మీటర్లు వెనకే ఆగితే అర నిమిషం పని. ఆగమని చెప్పే గీత లేదు, జెండా ఊపే మనిషి లేడు. బస్సు కోసం వదిలిన ఆ జాగాలోకి ఒక స్కూటరు దూరుతుంది, దాని వెనక ఆటో, ఆటో వెనక రొయ్యల ఐసు పెట్టెల వ్యాను. ఇక బస్సు ముందుకీ పోదు, వెనక్కీ పోదు. బజార్లో దిగాల్సిన షేర్ ఆటో జనాన్ని నువ్వు గట్టు మలుపులో దించేస్తున్నావు కాబట్టి, తిరుగు బేరం కోసం ఆటోలన్నీ అదే మలుపులో ముక్కులు పెట్టుకుని కూర్చుంటాయి. అంబులెన్సు ఆ వెనక ఎక్కడో కూత పెడుతుంటుంది. దీన్ని ‘స్వల్ప అసౌకర్యం’ అని రాసుకున్నావే, చెయ్యెలా వచ్చింది నీకు?

సరుకు సంగతి రెండు ముక్కలు. కూరగాయల లోడు తెల్లారకుండానే దిగుతుంది కాబట్టి వాళ్ళకి నీతో పేచీ లేదు. పార్సిలు వ్యాన్లు పదకొండింటికి వస్తాయి. వాటిని మెయిన్ రోడ్డు మొదట్లోనే ఆపేస్తే అక్కణ్ణించి తోపుడు బండి, దానికి వేరే కూలి. అది ఎవరి నెత్తినో నీకు తెలుసు.

నీ పుణ్యమా అని ఒకటి జరిగిందిలే, దాచడమెందుకు. సాయంత్రం మెయిన్ రోడ్డులో ముసలమ్మలు సంచీ పట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అటునుంచి ఇటు దాటేస్తున్నారు. పూలకొట్టు దగ్గర బేరం అరవకుండా ఆడుకోవచ్చు. పిల్లలు నాన్న వేలు వదిలేసి నడుస్తున్నారు. అందుకే నిన్ను పీకి కాలవలో పారెయ్యమని ఎవరూ గట్టిగా అనలేకపోతున్నారు.

కాబట్టి పోవద్దు, లెక్క మార్చు. కుర్చీలు నాలుగు: మెయిన్ రోడ్డుకి రెండు కొసలా, గట్టు మలుపులో, వంతెన మూల. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది, పావుగంటకో పేజీ, బండి రకానికో గడి. మామూలు రోజొకటి, సంత రోజొకటి, పెళ్ళిళ్ళ రోజొకటి. ఒక మనిషిని స్కూటరు వెనక ఎక్కించి, అందరితో పాటే పోనిచ్చి, ఏ మలుపు ఎన్ని నిమిషాలకి దాటాడో రాసుకోమను, అటు ఆరుసార్లు, ఇటు ఆరుసార్లు. తర్వాత ఒక వారం బారికేడ్లు తీసేసి ఇదంతా మళ్ళీ చెయ్యి, నువ్వు రాకముందు రాసుకోనందుకు అదే ప్రాయశ్చిత్తం.

ఇట్లు,
వంతెనకి ఇవతల ఆగినవాళ్ళం
(అవతలివాళ్ళ సంతకాలు వాళ్ళు ఇటు రాగానే పెట్టిస్తాం)

తా.క.: ఈ ఉత్తరం ఆఖరి పేరా రాస్తున్నప్పుడు ఒక బస్సు వంతెన మీదకి తిరగడం మొదలెట్టింది. సంతకం పెట్టేశాం, అది ఇంకా తిరుగుతోంది.