పెద్దవాళ్ల దుమ్ము లెక్కలోకి రాదు

2023 డిసెంబరులో కేంద్రం మందుల తయారీ నియమాలైన షెడ్యూల్ ఎం సవరించినప్పటి నుంచి చిన్నా పెద్దా మందుల కంపెనీలన్నిటికీ క్లీన్‌రూమ్, అంటే గాలిలో దుమ్ము లెక్క దాటకుండా కాపాడే గది, దాని టెన్షన్ పట్టుకుంది. కొత్తగా కట్టబోయే యాజమాన్యాలకు నాదొక విన్నపం. ఆ గాలి శుభ్రతని లెక్కగట్టే ఐఎస్ఓ 14644 ప్రమాణం కొనుక్కోండి, తప్పులేదు, బీరువాకి అందం. కానీ అందులో ఓ పెద్ద లోపం ఉంది. రేణువు సైజు ఎంతో అడుగుతారే తప్ప, అది ఎవరి ఒంటి మీద నుంచి రాలిందో అడగరు. శుభ్రతలో ఏడో క్లాసు గదిలో ఘనపు మీటరు గాలికి అర మైక్రాను, ఆపై సైజు రేణువులు 3,52,000 దాటకూడదట. అందులో హెల్పర్ దుమ్మెంత, డైరెక్టర్ గారి దుమ్మెంత? ఆ కాలమే లేదు. మర్యాద తెలియని పుస్తకం.

మన పద్ధతి వేరు. జీడిమెట్ల, పాశమైలారం వైపు ఉద్యోగం చేసిన ఎవరినైనా అడగండి. లోపల ఏం తయారవుతుంది, ఎంతమంది ఉంటారు, సరుకు ఎటు నుంచి వస్తుంది, మనుషులు ఎటు నుంచి వెళ్తారు అన్నది ముందుగా కాగితం మీద పెట్టాలి. కానీ ఇవన్నీ తెలిసినవాళ్లు ప్రొడక్షన్‌వాళ్లే కాబట్టి వాళ్లను మీటింగుకి పిలవరు. వస్తే లేనిపోని ప్రశ్నలు వేస్తారు.

డ్రాయింగు ఓకే అయ్యాక వాస్తు సిద్ధాంతి గారు వేంచేస్తారు. ఎయిర్‌లాక్, అంటే లోపలికెళ్లే ముందుండే రెండు తలుపుల గది, ఈశాన్యానికి జరగాలంటారు. జరుగుతుంది. దాని కోసం గాలి గొట్టం (డక్టు) మరో రెండు మలుపులు తిరుగుతుంది, ప్రతి మలుపు దగ్గరా గాలి ఒత్తిడి కాస్త చచ్చిపోతుంది, చివరికి గదికీ గదికీ మధ్య ఉండాల్సిన 10 పాస్కళ్ల ఒత్తిడి తేడా నిలవదు. గోడ మీద గేజ్ ముల్లు సున్నా దగ్గరే కునుకు తీస్తుంటుంది. పైగా రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోకుండా పెట్టిన ఇంటర్‌లాక్ ట్రాలీ తోసేవాళ్లకి అడ్డం. గ్లవ్స్ డబ్బా అట్ట నాలుగు మడతలు పెట్టి తలుపు కింద దోపితే ఆ బాధా తీరింది. వెండర్ అడిగిన లక్షలకి ఆ అట్టముక్క దీటుగా పనిచేస్తోంది.

ఇక ప్రారంభోత్సవం. గది సరిగ్గా పనిచేస్తోందని నిరూపించే వాలిడేషన్ ఇంకా పూర్తికాలేదు, కానీ ముహూర్తం మళ్లీ మూఢాల తర్వాతే. అందుకని లోపలే పూజ. గాలి వడకట్టే హెపా ఫిల్టరు 0.3 మైక్రాను రేణువుల్ని 99.97 శాతం పట్టేస్తుంది. కర్పూరం పొగ, అగరొత్తుల పొగ మిగిలిన 0.03 శాతంలో సర్దుకుపోతాయని అందరి నమ్మకం.

ఆ పూట క్లీన్‌రూమ్ బట్టలు తొడుక్కునే గౌనింగ్ గది దగ్గర నిలబడి చూడాలి. ప్యాకింగ్‌లో పనిచేసే అమ్మాయి గాజులు తీసింది, మెట్టెలు తీసింది, పౌడరు కడుక్కుంది, బొట్టు చెరిపేసుకుంది. తలకి హుడ్, మూతికి మాస్కు, బాయిలర్ సూటు, బూటీలు, గ్లవ్స్, అన్నీ వరసలో. అయినా సూపర్‌వైజరు ఆమె చెవి దగ్గర వెంట్రుక ఒకటి బయటికొచ్చిందని వెనక్కి పంపాడు. అప్పుడే ఆమె పక్క నుంచి చైర్మన్ గారు పట్టుపంచెతో, చెప్పులకి నీలం కవర్లు తగిలించుకుని లోపలికెళ్లారు. వెనకే బంధువులు, ఫోటోగ్రాఫరు. లోపల పూజారి గారు స్టీలు యంత్రానికి పసుపు రాసి నిండుగా బొట్టు పెట్టారు. యంత్రం ముత్తైదువలా మెరిసిపోయింది. అమ్మాయి మాత్రం ఇంకా బయటే, వెంట్రుక సర్దుకుంటూ.

ఖాళీ గదిలో రేణువులు లెక్కపెడితే పాస్. పని మొదలయ్యాక లెక్కపెడితే ఫెయిల్. వెంటనే విచారణ వేశారు. డక్టు మలుపులు, అట్టముక్క, కర్పూరం, వీటి ఊసే లేకుండా పది సంతకాలతో రిపోర్టు తేలింది. మూలకారణం: హెల్పర్ల గౌనింగ్ సరిగ్గా లేకపోవడం. నివారణ: హెల్పర్లందరికీ మళ్లీ శిక్షణ.

శిక్షణ సోమవారం, క్లీన్‌రూమ్‌లోనే. జ్యోతి ప్రజ్వలనకి చైర్మన్ గారు ఒప్పుకున్నారు.