టీ నగర్ స్థలానికి తరుగుదల ఉండదు

చెన్నైలో 34 ఏళ్లు బ్యాలెన్స్ షీట్లు రాసి రిటైరైనవాణ్ణి. అందుకే మొన్న ఆదివారం వడపళనిలో ఉండే మా బావగారు ఫోన్ చేసి, "సినిమా తారలు కెరీర్‌నీ పిల్లల్నీ వయసునీ ఎలా బ్యాలెన్స్ చేసుకుంటారో డాక్యుమెంటరీ ఉంది, వస్తావా" అనగానే చెప్పులేసుకున్నాను. బ్యాలెన్స్ అన్న మాట చెవిన పడితే నాకు కాలు నిలవదు.

రోజానా ఆర్క్వెట్ అనే హాలీవుడ్ నటి 2002లో తీసిన సినిమా అది. డెబ్రా వింగర్ అంతటి నటి మంచి ఊపులో ఉండగా వేషాలెందుకు మానేసిందో కనుక్కుందామని బయల్దేరి, దారిలో తోటి నటీమణులందరినీ పలకరిస్తుంది. నలభై దాటితే వేషాలేవి? షూటింగుకి పోతే పిల్లల్నెవరు చూస్తారు? ఒక్కొక్కరూ గోడు చెప్పుకుంటుంటే నాకు జాలేసింది. పాపం, వీళ్లకి అకౌంట్స్ రావు.

బల్లకీ, కారుకీ, కంప్యూటరుకీ ఏటా తరుగుదల రాస్తాం. భూమికి రాయం. హీరో అంటే టీ నగర్‌లో స్థలం. గడ్డి మొలిచినా, గోడ కూలినా రేటు పెరుగుతూనే ఉంటుంది. హీరోయిన్ కంప్యూటర్. పెట్టె విప్పిన రోజు నుంచే పాతది. ఇందులో వివక్ష ఏముంది? పద్ధతి ప్రకారం రాసిన లెక్క.

నమ్మకపోతే మన పుస్తకాలే తెరుస్తాను. 1972లో 'బడిపంతులు'లో ఎన్టీఆర్‌కి మనవరాలైన శ్రీదేవి, 1979లో 'వేటగాడు' నాటికి ఆయనకి హీరోయిన్. ఆయన 1923లో పుట్టారు, ఆవిడ 1963లో. మనవరాలు ఎదుగుతున్న ఆ ఏడేళ్లూ తాతగారు ఓపిగ్గా ఉన్నచోటే ఆగారన్నమాట. ఇరుగుపొరుగు తమిళులూ లెక్కల్లో తక్కువవాళ్లేం కాదు. 1984లో రజనీకాంత్ సినిమాలో చిన్నపిల్లగా కనిపించిన మీనా 1993లో ఆయనకే జోడీ.

అయితే నేను లేచి నిలబడి దణ్ణం పెట్టే పద్దు శ్రీవిద్యది. 1975లో 'అపూర్వ రాగంగళ్'లో రజనీకాంత్‌కి భార్య. 1991లో 'దళపతి'లో అదే రజనీకాంత్‌కి తల్లి. కొడుకు పుట్టింది 1950లో, తల్లి పుట్టింది 1953లో. కర్ణుడి కథే కదా అని సరిపెట్టుకుందామన్నా కుదరదు. కుంతి పెళ్లికి ముందు కన్నది. ఈవిడ తాను పుట్టకముందే కనేసింది.

ఇక పిల్లల పద్దు. వడపళని పక్కనే సాలిగ్రామంలో భానుమతిగారు కొడుకు పేరు మీద భరణీ స్టూడియోనే పెట్టించారు. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తానే డైరెక్ట్ చేశారు. పిల్లాణ్ణి ఆస్తుల వైపు రాసుకున్న మహాతల్లి! మామూలు హీరోయిన్‌కి పిల్లలు అప్పుల వైపే పడతారు. హీరోగారికి కొడుకు పుడితే మాత్రం ఆ రోజు నుంచే ఆస్తి. ఇరవయ్యేళ్లకి లాంచింగ్. కుర్రాడి మొదటి సినిమా ఆడుతుంటే పక్క థియేటర్లో నాన్నగారు కాలేజీ స్టూడెంటుగా డ్యాన్స్ చేస్తుంటారు. రెండు తరాలూ ఒకే వయసులో కలిసి బతకడం ప్రపంచంలో ఇంకెక్కడా చూడం.

ఈ సంగతులన్నీ బావగారికి వివరిస్తూ ఉన్నాను కాబట్టి సినిమా నేను పూర్తిగా వినలేదు. మా అక్కయ్య వింది, వంటింటి గుమ్మంలో నిలబడి. చేతిలో గరిటె, సాంబారు చుక్క నేల మీద పడకుండా దాని కింద ఎడమ అరచెయ్యి. జేన్ ఫోండా ఏదో చెబుతుండగా కుక్కర్ కూతేసింది. "ఒక్క నిమిషం ఆపండి" అంటూ లోపలికెళ్లింది. బావగారు ఆపలేదు. రిమోట్ ఆయన తొడ మీదే ఉంది.

భోజనాలయ్యాక టీవీ పెడితే ఏదో కొత్త సినిమా ప్రోమో. అరవై దాటిన హీరోగారు మంచులో పరుగెడుతున్నారు. వెనక పల్చటి చీరలో చలికి వణుకుతూ ఓ అమ్మాయి.

"ఎవరే ఈ పిల్ల, బావుంది" అన్నారు బావగారు.

అక్కయ్య కంచాలు తీస్తూ అంది: "ఇప్పుడెందుకండీ కంగారు? ఓ పదిహేనేళ్లాగితే ఆయనకే తల్లిగా వేస్తుంది. అప్పుడు గుర్తుపడుదురుగాని."