తొలి ట్యూబ్ ఆంప్ కట్టేవాళ్లకు: కెపాసిటర్ బ్రాండ్ సంగతి తర్వాత, ముందు మీటర్ పట్టుకోండి

ట్యూబ్ గిటార్ ఆంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్) సొంతంగా కట్టుకోవాలని కొత్తవాళ్లు ఎవరైనా అడగ్గానే రెండు రకాల సమాధానాలు వస్తాయి. "దాని జోలికి పోవద్దు, లోపల వందల వోల్టులుంటాయి, ప్రాణం పోతుంది" అని కొందరు. "ఏముంది, బొమ్మ చూసి ఏ వైరు ఎక్కడికి వెళ్లాలో అక్కడ సోల్డర్ చెయ్, అయిపోతుంది" అని ఇంకొందరు. ఈ రెండు మాటలూ నాకు కోపం తెప్పిస్తాయి. మొదటిది మనిషిని నేర్చుకోనివ్వదు. రెండోది నేర్చుకోకుండానే పని ముగించమంటుంది. ఆంప్ కట్టడం కొత్తవాళ్లకు చేతనయ్యే పనే. కాకపోతే సర్క్యూట్‌లో ఎక్కడ ఎంత వోల్టేజీ ఉండాలో, ఎందుకు ఉండాలో తెలుసుకుంటూ కట్టాలి. నా వాదన అంతా ఇదే.

మొదటి ఆంప్‌గా ఏది కట్టాలంటే నా జవాబు ఎప్పుడూ ఒకటే: 1950ల నాటి ఫెండర్ చాంప్, 5ఎఫ్1 సర్క్యూట్. మూడే ట్యూబులు. ముందు ఒక 12ఏఎక్స్7, తర్వాత ఒక 6వీ6, ఏసీని డీసీగా మార్చడానికి ఒక 5వై3. వాల్యూమ్ తప్ప ఇంకో నాబ్ లేదు. టోన్ కంట్రోల్ లేదు, రివర్బ్ లేదు, ట్యూబులు వేడెక్కేదాకా హై వోల్టేజీని ఆపి ఉంచే స్టాండ్‌బై స్విచ్ కూడా లేదు. (స్టాండ్‌బై లేకపోతే ట్యూబులు పాడైపోతాయేమోనని టెన్షన్ పడేవాళ్లున్నారు. ఇంత చిన్న ఆంప్‌కి అది అక్కర్లేదు.) 12ఏఎక్స్7 గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్‌లు, అంటే సిగ్నల్‌ని పెంచే రెండు విడి భాగాలు ఉంటాయి. ఒక్కోదానిలో వేడెక్కిన క్యాథోడ్ నుంచి ప్లేటుకు ఎలక్ట్రాన్లు వెళ్తాయి, మధ్యలో ఉన్న గ్రిడ్‌కి వచ్చే సిగ్నల్ వాటిని అదుపు చేస్తుంది. గిటార్ సిగ్నల్ మొదటి ట్రయోడ్‌లో పెరుగుతుంది, వాల్యూమ్ దాటుతుంది, రెండో ట్రయోడ్‌లో మళ్లీ పెరుగుతుంది, 6వీ6 గ్రిడ్‌ను చేరుతుంది. అక్కడి నుంచి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా స్పీకర్‌కి వెళ్తుంది. ఈ దారి మొత్తాన్ని స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) మీద వేలు పెట్టి ఎవరికైనా చూపించగలిగిన రోజున సోల్డరింగ్ ఐరన్ వేడి చెయ్యండి, అంతకు ముందు వద్దు.

లేఅవుట్ బొమ్మ చూసి కట్టేయొచ్చు కదా అంటారు. కట్టేయొచ్చు. కానీ లేఅవుట్ బొమ్మ ఏ భాగం ఎక్కడ కూర్చోవాలో చెబుతుంది, అది అక్కడ ఏం చేస్తోందో చెప్పదు. ఆన్ చేశాక శబ్దం రాకపోతే ఆ బొమ్మ మీకు ఏ సాయమూ చెయ్యదు. స్నేహితులు నా దగ్గరికి తెచ్చే మూగ ఆంపులను చూస్తే సోల్డరింగ్ చాలాసార్లు ముచ్చటగా ఉంటుంది. "రెండో ట్రయోడ్ ప్లేటు దగ్గర ఎంత వస్తోంది?" అని అడిగితే మాత్రం జవాబుండదు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఒక కిట్‌తో వచ్చిన పుస్తకం చూశాను. ఏ రంగు వైరు ఏ రంధ్రంలోకి వెళ్లాలో పేజీలకు పేజీలు రాశారు, చివర్లో "ఇప్పుడు ఆన్ చేసి వాయించండి" అన్నారు. ఎక్కడ ఎంత వోల్టేజీ రావాలో ఒక్క ముక్క లేదు. డబ్బు తీసుకుని వందల వోల్టుల వస్తువును కొత్తవాడి చేతిలో పెట్టేవాళ్లు వోల్టేజీల పట్టిక ఇవ్వకపోవడం బాధ్యత లేని పని. కిట్ కొనడం తప్పని నేను అనను. పట్టిక లేని కిట్ మాత్రం కొనొద్దు.

ఇక విడిభాగాల మోజు గురించి. కొత్తవాళ్లు నెలల తరబడి తలలు బద్దలు కొట్టుకునేది ఏ కంపెనీ కెపాసిటర్ "తియ్యగా" పలుకుతుంది, పాతకాలం కార్బన్ రెసిస్టర్లు వాడాలా, యాభై ఏళ్ల కిందట తయారై వాడకుండా మిగిలిన ట్యూబులే కావాలా అన్న ప్రశ్నల మీద. అదే మనిషి స్పీకర్ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటి తగిలించేస్తాడు. ఇది పూర్తిగా తలకిందులు. 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ మనుషులు కట్టిన జేటీఎమ్45 ఆంప్‌ని చూడండి. అది దాదాపుగా ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూటే. అయినా రెండూ ఒకేలా పలకవు. ఎందుకంటే మొదటి ట్యూబ్‌గా 12ఏవై7 బదులు ఎక్కువ గెయిన్ ఉన్న ఈసీసీ83 (12ఏఎక్స్7కే యూరప్ పేరు) పెట్టారు, ట్రాన్స్‌ఫార్మర్లు అక్కడ దొరికినవి వాడారు, వెనక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు పదంగుళాల జెన్సెన్ స్పీకర్ల బదులు మూసేసిన పెట్టెలో నాలుగు పన్నెండంగుళాల సెలెస్షన్ స్పీకర్లు పెట్టారు. తేడా తెచ్చినవి ఇవి. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు ముందు మంచి ట్రాన్స్‌ఫార్మర్లకు, మంచి స్పీకర్‌కి పెట్టండి. కప్లింగ్ కెపాసిటర్ చెయ్యాల్సిన పని ఒక్కటే: డీసీని ఆపి సిగ్నల్‌ను పంపడం. తగిన విలువ, తగిన వోల్టేజీ ఉన్న మామూలు ఫిల్మ్ కెపాసిటర్ ఆ పని హాయిగా చేస్తుంది.

ప్రమాదం సంగతి దాచాల్సిన పని లేదు, బూచిలా చూపించాల్సిన పనీ లేదు. డీసీలో ఒడిదుడుకులను చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్ 32 మైక్రోఫారడ్‌లదై 350 వోల్టులకు ఛార్జ్ అయితే అందులో దాదాపు రెండు జౌళ్ల శక్తి ఉంటుంది. ప్లగ్ పీకేసినా అది అక్కడే ఉండొచ్చు. ఫిల్టర్ కెపాసిటర్‌కి అడ్డంగా 220 కిలో ఓమ్‌ల, రెండు వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా పెట్టేయండి. ఆపాక అర నిమిషానికి కాస్త అటూ ఇటూగా ఛార్జ్ దిగిపోతుంది. దిగిందని నమ్మొద్దు, మీటర్ పెట్టి చూడండి. చేయి లోపల పెట్టే ప్రతిసారీ చూడండి. ఆన్‌లో ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే మీటర్ నల్ల వైరును క్లిప్పుతో ఛాసిస్‌కి (ఆంప్ లోహపు పెట్టెకి) తగిలించి, ఎర్ర ప్రోబ్ ఒక చేత్తో పట్టుకోండి, రెండో చెయ్యి జేబులో ఉండాలి. ఒక చేతి నుంచి గుండె మీదుగా రెండో చేతికి కరెంటు పోయే దారి లేకుండా చెయ్యడానికే ఇది.

ఎర్త్ వైరుకి ఛాసిస్ మీద సొంత బోల్టు ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు కిందే దాన్ని దోపేసిన ఆంపులు నేను చూశాను. స్పీకర్ అదురుకు, వేడికి ఆ బోల్టు వదులైతే ఎర్త్ కూడా పోతుంది. గిటార్ తీగలు ఛాసిస్‌కే కలిసి ఉంటాయని మర్చిపోవద్దు, అంటే వాయించేవాడి వేళ్లు కూడా. ఆ కాలపు చాలా డ్రాయింగుల్లో రెండు పిన్నుల ప్లగ్, మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి ఒక కెపాసిటర్ కనిపిస్తాయి. పాత ఆంప్‌ని ఎంత అభిమానించినా ఆ రెండింటినీ మాత్రం నకలు చెయ్యొద్దు. మూడు పిన్నుల ప్లగ్, లైవ్ వైరులో ఫ్యూజ్, దాని తర్వాత స్విచ్. ఇందులో బేరమే లేదు.

సోల్డరింగ్ అయిపోగానే ఆంప్ అయిపోయినట్టు కాదు, ఇల్లు అలకగానే పండగ కాదంటారు కదా. నిజమైన పని అప్పుడే మొదలవుతుంది, నాకు ఇష్టమైన పనీ అదే. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్‌కి వరుసలో ఒక ఫిలమెంట్ బల్బు పెట్టండి. చిన్న ఆంప్‌కి 40 లేదా 60 వాట్లది సరిపోతుంది, ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు పూర్తి వెలుగుతో వెలిగి ఆంప్‌ని కాపాడుతుంది. అంతా బాగుంటే ఒక్కసారి వెలిగి మసకబారుతుంది. ముందు ట్యూబులేవీ పెట్టకుండా హీటర్ వైండింగ్ (పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ట్యూబులను వేడి చేయడానికి ఉన్న తీగచుట్ట) మీద వోల్టేజీ చూడండి. లోడ్ లేదు కాబట్టి 6.3 వోల్టుల కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. తర్వాత 5వై3 ఒక్కటే పెట్టండి. దీనికి ముందు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ప్లస్ మైనస్ ఇంకోసారి సరిచూసుకోండి, తిరగేస్తే పేలతాయి. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. హై వోల్టేజీ వైండింగ్ 325-0-325 (మధ్య నుంచి రెండు వైపులా 325 వోల్టుల ఏసీ) అయితే, లోడ్ లేనప్పుడు కెపాసిటర్ మీదికి 325 ఇంటూ 1.414, అంటే దాదాపు 460 వోల్టులు ఎక్కుతాయి. బల్బు తీసేసి నేరుగా పెట్టాక కూడా ఇది తప్పదు, ఎందుకంటే 5వై3 కొన్ని సెకన్లలోనే వేడెక్కుతుంది, 6వీ6 ఇంకా నిద్రలోనే ఉంటుంది. అందుకే 450 వోల్టుల కెపాసిటర్ మీద నాకు నమ్మకం లేదు. 500 వోల్టులవి పెట్టండి.

స్పీకర్ తగిలించి, మిగతా ట్యూబులు పెట్టి, బల్బు తీసేశాక అసలు కొలతలు. మొదటి ట్రయోడ్ క్యాథోడ్ కింద 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. దాని మీద 1.5 వోల్టులు కనిపించిందనుకోండి, ఒక మిల్లీ ఆంపియర్ పారుతోందన్న మాట. అదే కరెంటు పైన 100 కిలో ఓమ్‌ల ప్లేటు రెసిస్టర్ గుండా కూడా రావాలి, కాబట్టి దాని మీద 100 వోల్టులు పడాలి. ఈ రెండు కొలతలూ కలిశాయంటే ఆ ట్రయోడ్ సరిగ్గా పని చేస్తున్నట్టే. కలవకపోతే తప్పు ఆ నాలుగు సోల్డర్ చుక్కల్లోనే ఎక్కడో ఉంది, మొత్తం ఆంప్ వెతకక్కర్లేదు. ఓమ్ సూత్రం బడిలో పరీక్ష కోసం చదివి మర్చిపోయినవాళ్లకు ఇక్కడ దాని విలువ తెలుస్తుంది. 6వీ6 దగ్గర కూడా ఇదే లెక్క. దాని క్యాథోడ్ రెసిస్టర్ 470 ఓమ్‌లు. మీద 19 వోల్టులుంటే 40 మిల్లీ ఆంపియర్లు. ప్లేటు 340 దగ్గరుంటే, అందులోంచి 19 తీసేసి 0.04తో గుణించండి, 13 వాట్ల దరిదాపుల్లో వస్తుంది. అందులో కొంత స్క్రీన్ గ్రిడ్ (6వీ6లోని ఇంకో గ్రిడ్) వాటా పోతుంది. 6వీ6 పాత డేటాషీట్లలో ప్లేటు పరిమితి 12 వాట్లు, తర్వాత వచ్చిన 6వీ6జీటీఏకి 14. అంటే చాంప్ తన ట్యూబ్‌ని అంచు దాకా వాడుకుంటుంది. ఆ లెక్క 18 దాటి, ప్లేటు ఎర్రగా కాలుతూ కనిపిస్తే వెంటనే ఆపేయండి. అప్పుడు 6వీ6 గ్రిడ్ మీద మీ అనుమానం పెట్టండి. అక్కడ డీసీ సున్నా ఉండాలి. ప్లస్ వోల్టులు కనిపిస్తే కప్లింగ్ కెపాసిటర్ లీక్ అవుతోంది, లేదా ట్యూబే పాడైంది.

హమ్ (వాయించకపోయినా వినిపించే గుయ్‌మనే శబ్దం) గురించి అందరూ అడుగుతారు. 50 హెర్ట్జ్ మెయిన్స్ ఉన్నచోట 50 హెర్ట్జ్ హమ్ అయితే ఎక్కువగా హీటర్ వైర్ల పని. వాటిని గట్టిగా మెలిపెట్టి, గ్రిడ్ వైర్లకు దూరంగా ఛాసిస్ మూలకు తొయ్యండి. హీటర్ వైండింగ్‌కి సెంటర్ ట్యాప్ (గ్రౌండ్‌కి కలిపే మధ్య వైరు) లేకపోతే రెండు కొసల నుంచీ గ్రౌండ్‌కి చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి దాన్ని చెయ్యండి. 100 హెర్ట్జ్ గరగర అయితే ఫిల్టర్ కెపాసిటర్లు, గ్రౌండ్ వైరింగ్ చూడండి. 60 హెర్ట్జ్ మెయిన్స్ అయితే ఇవి 60, 120. ఆన్ చెయ్యగానే ఆంప్ చెవులు చిల్లులు పడేలా కూత పెడితే కంగారు పడొద్దు. స్పీకర్ నుంచి రెండో ట్రయోడ్ క్యాథోడ్‌కి వెనక్కి వచ్చే ఫీడ్‌బ్యాక్ ఉల్టాగా ఉంది. ఆపి, ఛార్జ్ దించి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (ట్యూబ్ వైపు) వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి.

స్పీకర్ లేకుండా ఆన్ చేసి వాయించొద్దు. లోడ్ లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా లేచి లోపలి ఇన్సులేషన్‌ని చీల్చేయగలదు. ఓమ్‌లు కూడా కలవాలి. 5 కిలో ఓమ్‌లకు 8 ఓమ్‌ల ట్రాన్స్‌ఫార్మర్‌కి 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే ట్యూబ్‌కి కనిపించే లోడ్ సగమైపోతుంది. ఇంకో మాట. ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు సింగిల్ ఎండెడ్ అని అడిగి తీసుకోండి. ఒక్క 6వీ6 కరెంటు ఎప్పుడూ ఒకే దిశలో పారుతుంది కాబట్టి, ఇనుము శాచురేట్ కాకుండా దాని కోర్‌లో చిన్న ఖాళీ వదులుతారు. రెండు ట్యూబులు ఎదురెదురు దిశల్లో నడిపే పుష్ పుల్ ట్రాన్స్‌ఫార్మర్‌లో అది ఉండదు.

అయిదు వాట్లతో ఏం వినిపిస్తుంది అని పెదవి విరిచేవాళ్లతో నాకు అసలు పడదు. ఒక వాట్‌కి మీటరు దూరంలో 97 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌కి అయిదు వాట్లు ఇస్తే 104 వస్తుంది. గదిలో అది చాలా గట్టి శబ్దం. 50 వాట్ల ఆంప్ దానికంటే 10 డెసిబెల్స్ ఎక్కువ, అంటే చెవికి రెట్టింపుగా తోస్తుంది, పది రెట్లుగా కాదు. పైగా ట్యూబ్‌ని దాని హద్దుదాకా తోసినప్పుడు వచ్చే ఆ గరుకుదనం కోసమే కదా ఇదంతా. 50 వాట్ల ఆంప్‌ని ఇంట్లో ఆ హద్దుదాకా తీసుకెళ్లే అవకాశం ఎవరికుంది?

చాంప్ పలికి, దాని ప్రతి వోల్టేజీ మీ నోట్‌బుక్‌లో ఎక్కాక పెద్దది కావాలనిపిస్తే 5ఈ3 డీలక్స్ వైపు వెళ్లండి. రెండు 6వీ6లు, పన్నెండు నుంచి పదిహేను వాట్లు. అందులో నిజంగా కొత్తగా నేర్చుకోవాల్సింది ఫేజ్ ఇన్వర్టర్ ఒక్కటే. ఒక ట్రయోడ్‌కి పైన 56 కిలో ఓమ్‌లు, కింద 56 కిలో ఓమ్‌లు పెట్టి ఒకే సిగ్నల్‌ని రెండు ఎదురు దిశల్లో తీస్తారు. రెండింటిలో పారేది ఒకే కరెంటు, కాబట్టి రెండింటి మీదా ఒకే వోల్టేజీ పడాలి. పడుతోందో లేదో చూడటంతోనే దాన్ని మొదలుపెట్టండి.