అవతలి గట్టుకు బల్లకట్టు కావలెను

మా విజయవాడ శివారు తాడిగడపలో వంద అడుగుల రోడ్డు పక్కన కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల బ్రోచర్ నా చేతికొచ్చింది. స్కూలు, గుడి, సూపర్ మార్కెట్ అన్నీ ‘నడిచి వెళ్లేంత దూరంలో’ ఉన్నాయట. నిజమే. దూరం విషయంలో వాళ్లు ఒక్క అబద్ధం ఆడలేదు. నడక గురించే ఏమీ చెప్పలేదు.

వంద అడుగులంటే 30 మీటర్లు. మామూలు నడకకు 25 సెకన్లు. ఆ కాసేపట్లో గంటకు 50 కిలోమీటర్ల మీదున్న బండి దాదాపు 350 మీటర్లు లాగించేస్తుంది. కాబట్టి కనబడే బండిని చూసుకుంటే చాలదు, ఇంకా కంటికి ఆనని బండి జాతకం కూడా చూసుకుని అడుగు వెయ్యాలి.

మొన్న మా పైవాటా మాస్టారు పాల ప్యాకెట్ కోసం ఆటో ఆపారు.

“ఎక్కడికి బాబాయ్?”

“అదిగో, ఆ ఎదురు కొట్టుకి.”

ఆటో అబ్బాయి నవ్వలేదు. “యూటర్న్ చాలా ముందుకెళ్లి తిరగాలి, ముప్ఫై ఇవ్వండి” అన్నాడు. ఇరవైకి బేరం తెగింది. వెయిటింగ్ వేరే.

1,223 మీటర్ల ప్రకాశం బ్యారేజీ కట్టి 1957లోనే కృష్ణమ్మను దాటేసిన ఊరండీ మనది! ఈ 30 మీటర్లకు మళ్లీ బల్లకట్టు రోజులొచ్చాయి.

ఫుట్‌పాత్ లేదని మాత్రం నిందలెయ్యకండి. ఉంది. కాలనీల్లో 1.8 మీటర్ల నడిచే జాగా ఖాళీగా వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు రాసిపెట్టారు. మావాళ్లు అందులోంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి, పునుగుల బండికి, బిల్డరు గారి కంకర గుట్టకి వాటాలు తీసేశాక ఒక చెప్పు పట్టేంత మిగిలింది. పైగా గేటుకో ర్యాంపు. ఎక్కి దిగి, ఎక్కి దిగి, పది ఇళ్లు దాటేసరికి ఇంద్రకీలాద్రి మెట్లెక్కిన పుణ్యం. ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అన్నాను పునుగులాయనతో. “నా జీవితం కూడా దీనిమీదేనండీ” అన్నాడు, చట్నీ వేస్తూ.

సైకిళ్ల మీద స్కూలుకెళ్లే పిల్లలకు తెల్లగీతకీ మట్టికీ మధ్య జానెడు చోటుంది. అది కూడా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులతో ఉమ్మడి ఆస్తి.

నడవమని డాక్టరు చెప్పాడు గనక నేను రోజూ కార్లో స్టేడియం దాకా వెళ్లి, గుండ్రంగా నడిచి, కార్లో తిరిగొస్తున్నాను. ఆ అవస్థ కూడా తీరిపోతుందట. కొత్త అపార్ట్‌మెంట్ డాబా మీద వాకింగ్ ట్రాక్ వేస్తున్నారు. మాస్టారు ఫ్లాట్ బుక్ చేసేశారు. పాల కొట్టు కూడా డాబా మీదకి మారుస్తారేమో కనుక్కోమన్నారు.