సిమెంటు పూసి జీర్ణోద్ధరణా?

2027 గోదావరి పుష్కరాలు ముంచుకొస్తున్నాయి. పుష్కరాల మరమ్మతులంటే డెల్టాలో పాత గుడి ముందు మళ్లీ సిమెంటు బస్తాలే దిగుతాయేమోనన్నది మా భయం. ద్రాక్షారామం, బిక్కవోలు చాళుక్య ఆలయాలకు కేంద్ర పురావస్తు శాఖ కాపలా ఉంది. ఆ జాబితాకెక్కని ఊరి గుడి, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా ఉన్న సత్రం గతేమిటి?

సున్నపు గోడ చెమ్మను పీల్చి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుతుంది, ఉప్పు పొంగి ఇటుక పొడిగా రాలుతుంది. ఇది ఏ ఇంజినీరుకు తెలియదు? అంతకన్నా పెద్ద నష్టం, పనితోపాటు పని నేర్చుకునే చోటూ పోవడం.

గానుగ సున్నం ఎంతసేపు నలగాలో, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు ఎప్పుడు పొయ్యాలో మేస్త్రీ నోటితో చెప్పడు. రెండు వేళ్ల మధ్య నలిపి చూపిస్తాడు. మండువా లోగిలి వడ్రంగమూ అంతే. నాలుగు వైపుల పెంకు నీళ్లూ మండువాలోకే జారాలంటే కప్పు మూలల్లో వేసే మూలవాసాల వాలు తప్పకూడదు. తప్పిందా, మొదటి ముసురుకే దూలం నానుతుంది. ఆ వాలు కుర్రాడికి పట్టుబడేది కప్పెక్కి, మేస్త్రీ చేత నాలుగు చివాట్లు తిన్నాకే.

సున్నం పనికి ఖర్చెక్కువ, గడువు చాలదు అంటారు. కావచ్చు. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయని నిన్ననే తెలిసిందా?

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం వడ్రంగి, తాపీ సహా 18 వృత్తులవారికి అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000 వరకు ఇస్తోంది. గురుశిష్య పరంపరను నిలబెడతామనీ అంటోంది. సంతోషమే. ఆ గురువుకు పనేదీ? పని లేని గురువు శిష్యుడికి ఏం నేర్పుతాడు, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టడమా? ఒక చేత్తో గుర్తింపు కార్డిచ్చి, మరో చేత్తో ఆ పనిని తక్కువకు పాడిన సిమెంటు కాంట్రాక్టరుకు కట్టబెట్టడం ఏ పరంపర?

పాత సున్నపు కట్టడాల మరమ్మతు టెండర్లన్నిటిలో పని తెలిసిన మేస్త్రీ ఉండి తీరాలి. ఆయన చేతికింద కూలి తీసుకుంటూ కుర్రాళ్లు పని నేర్చుకోవాలి. ఈ ఒక్క షరతు రాయడానికి ఖజానా నుంచి పైసా అయినా తీయాలా? అదీ చేతకాకపోతే, సిమెంటు పూసిన గుడి ముందు రిబ్బను కత్తిరిస్తూ వారసత్వం మీద ఉపన్యాసాలైనా మానుకోండి.