దుష్యంతుల వారి ఉంగరానికి

మహారాజశ్రీ రాజముద్రిక గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. చేప కడుపులో కాపురం చేసి వచ్చిన నీచు వాసన ఈపాటికి వదిలిపోయి ఉంటుందని తలుస్తాను.

ప్రాణం లేని వస్తువుకు ఉత్తరమేమిటని నొచ్చుకోకండి. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం ఆరో అంకంలో రాజుగారే మిమ్మల్ని ముందు పెట్టుకుని, అంత సుకుమారమైన వేళ్లను వదిలి నీళ్లలో ఎలా మునిగావని నిలదీశారు. ఈయనకు పిచ్చి పట్టిందని పక్కనున్న విదూషకుడు మాధవ్యుడు తేల్చేశాడు. నన్నూ ఆ జాబితాలోనే వేసుకోండి.

అసలు వ్యాసభారతంలో మీరు లేరు. గుర్తుగా ఇచ్చిన నగ కంటపడేదాకా రాజు శకుంతలను మరచిపోవాలన్న దూర్వాసుడి శాపమూ లేదు. అక్కడ దుష్యంతుడికి అంతా గుర్తుంది. గుర్తుండీ, నువ్వెవరో నేనెరగనన్నాడు. శకుంతల నిండు సభలో కడిగిపారేసింది. నూరు నూతుల కన్నా ఒక బావి మేలని మొదలుపెట్టి, నూరుగురు కొడుకుల కన్నా ఒక సత్యవాక్యం మేలని ముగించే నన్నయ పద్యం బళ్లో వల్లె వేసినవారికి ఆ సభ తెలిసే ఉంటుంది. ఆకాశవాణి కలగజేసుకున్నాక గానీ అయ్యగారు దిగిరాలేదు. నాకు ముందే తెలుసు, లోకులేమంటారోనని ఊరుకున్నాను అన్నారు. ఇలాంటివాణ్ణి ప్రేమనాటకానికి నాయకుణ్ణి చేయాలంటే కాళిదాసుకు ఒక కోపిష్ఠి ముని, ఒక ఉంగరం కావలసి వచ్చాయి. దూర్వాసుడికి కొత్తగా పోయే పేరేమీ లేదు. ఇక నింద మోయడానికి నోరులేని మీరు దొరికారు.

మొదటి అంకంలోనే మీరు అబద్ధానికి సాక్షి. శకుంతల చెట్లకు నీళ్లు పోయాల్సిన బాకీ తీరుస్తానంటూ రాజు మిమ్మల్ని తీసి చెలికత్తెల చేతిలో పెట్టాడు. వాళ్లు మీమీదున్న పేరు చదివి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబ్బే, అది రాజుగారిచ్చిన కానుక, నేను ఆయన కొలువులో ఉద్యోగినన్నాడు మీ యజమాని. తర్వాత ఊరికి పోతూ మిమ్మల్ని ఆమె వేలికి తొడిగి, నా పేరులో రోజుకొక్క అక్షరం లెక్కపెట్టు, చివరి అక్షరానికి మనిషి వస్తాడన్నాడు. దు, ష్యం, త. మూడు రోజుల గడువు. నాలుగో రోజు ఏం లెక్కపెట్టాలో మీమీద చెక్కించి ఉంటే బాగుండేది.

ఐదో అంకంలో శకుంతల కడుపుతో వచ్చి నిలబడింది. ఆశ్రమంలో పెద్దావిడ గౌతమి ఉంది, పెంచిన తండ్రి కణ్వుడి శిష్యులు ఉన్నారు. ఇంతమంది మాట చెల్లలేదు, మీరు కావలసి వచ్చారు. వేలు తడుముకుంటే మీరు లేరు. శచీతీర్థంలో మొక్కుతుండగా జారిపోయారు. పోనీ అని ఆమె జింకపిల్ల సంగతి చెప్పింది. రాజా, తామరాకు దొన్నెలో మీరు నీళ్లిస్తే తాగలేదు, నేనిస్తే తాగింది, ఇద్దరూ అడవిలో పుట్టినవారే కదా అని నవ్వారు, గుర్తుందా అంది. ఏ ముద్రా అక్కరలేని గుర్తు అది. ఆయనేమో ఆడవాళ్లకు కల్లలు పుట్టుకతో వస్తాయని, కోయిల తన పిల్లల్ని వేరే పక్షులతో పెంచుకుంటుందని సామెతలు చెప్పాడు. శాపం జ్ఞాపకాన్ని మింగింది, సరే. మర్యాదను కూడా మింగమని దూర్వాసుడు చెప్పలేదే!

నాకు అన్నిటికన్నా మంట పుట్టించేది జాలరి సంగతి. శక్రావతారమనే చోట చేపలు పట్టుకుని బతికేవాడు. రోహిత మత్స్యాన్ని కోస్తే మీరు బయటపడ్డారు, అమ్ముకుందామని బయలుదేరాడు. సూచకుడు, జానుకుడు అనే భటులిద్దరు రెక్కలు విరిచి కట్టి, నువ్వేమైనా గొప్ప బ్రాహ్మణుడివని రాజు దానమిచ్చాడా అని వెటకారం చేస్తూ కొట్టారు. వీడికి వధ్యమాల, అంటే చంపబోయేవాడికి వేసే పూలదండ, కట్టడానికి చేతులు దురదపెడుతున్నాయన్నాడు ఒకడు. మీరు లేనందుకు ఆమె అబద్ధాలకోరు అయింది. మీరు ఉన్నందుకు ఇతడు దొంగ అయ్యాడు. చివరికి మీ వెలకు సరిపడా సొమ్ము బహుమానంగా వస్తే, ఆ పేదవాడు అందులో సగం కొట్టినవాళ్లకే ఇచ్చాడు. కొత్వాలుగిరీ వెలగబెడుతున్న రాజుగారి బావమరిదికి అతడు ఆ క్షణాన ప్రాణస్నేహితుడైపోయాడు. అందరూ కలిసి కల్లు దుకాణానికి నడిచారు. శృంగారనాటకం అంటారు గానీ, పోలీసు ఠాణా గురించి ఇంత ముక్కుసూటిగా రాసిన పుట మరొకటి నేను చదవలేదు.

ఏడో అంకంలో మారీచుడనే కశ్యప మహర్షి ఆశ్రమంలో రాజు ఆమె కాళ్లమీద పడ్డాడు. మిమ్మల్ని చూపించి మళ్లీ తొడగబోయాడు. దీన్ని నేను నమ్మను, మీరే పెట్టుకోండి అంది శకుంతల. శాపం సంగతి అప్పటికింకా ఆమెకు తెలియదు.

ఇట్లు,
జాలరి పక్షాన ఒక పాఠకురాలు